పట్టేసిన నడుము, పట్టి చూసే చెయ్యి: 52 నుంచి 23కి నొప్పి ఎలా దిగుతుంది?

తెలుగు పల్లెల్లో నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి కోసం వెతుకుతారు. పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్ళు ముందు వచ్చినవాళ్ళు నడుము మీద కాలితో తడితే పట్టు వదులుతుందని పెద్దల నమ్మకం. నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దవాళ్ళను కదిపితే ఈ మాట ఇప్పటికీ వినబడుతుంది. తన్నించుకున్నవాళ్ళను అడగండి, చాలామంది తగ్గిందనే చెబుతారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తగ్గింది. ఎందుకు తగ్గిందో చెప్పే లెక్క ఒకటుంది. చేత్తో చేసే ఏ వైద్యాన్నైనా, అది మన వీధి చివర ఫిజియోథెరపీ కానివ్వండి, అమెరికాలో పుట్టిన ఆస్టియోపతీ కానివ్వండి, ముందు ఆ లెక్కతో తూచి చూడాలి.

నొప్పికి సున్నా నుంచి వంద దాకా మార్కులు వేయమని రోగులను అడిగిన పరిశోధనలు చాలా ఉన్నాయి. అలాంటివాటిని కలిపి, 11 వేల మందికి పైగా రోగుల లెక్కలతో 2012లో కెనడా వైద్య సంఘం పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. కొత్తగా నడుము నొప్పి వచ్చినవాళ్ళు మొదట వేసుకున్న మార్కులు సగటున 52. ఆరు వారాలకు అవి 23 అయ్యాయి. ఆరు నెలలకు 12, ఏడాదికి 6. అంటే ఆ ఆరు వారాల్లో నడుము మీద ఎవరు చెయ్యి వేసినా, కాలు వేసినా, పేరు వాళ్ళకే వస్తుంది. అసలు పని చేసింది కాలం.

మందు బిళ్ళకూ ఇదే వర్తిస్తుంది. 2014లో ఆస్ట్రేలియాలో కొత్తగా నడుము పట్టేసిన 1,652 మందిని మూడు భాగాలు చేసి, ఒక భాగానికి పారాసెటమాల్ రోజూ వేళకు ఇచ్చారు, ఇంకో భాగాన్ని నొప్పి ఉన్నప్పుడే వేసుకోమన్నారు, మూడో భాగానికి మందు లేని ఉత్త బిళ్ళ ఇచ్చారు. కోలుకోవడానికి పట్టిన రోజులు వరుసగా 17, 17, 16.

అయితే ఆ 2012 సమీక్షలోనే రెండో వరుస అంకెలు ఉన్నాయి. నా దృష్టిలో ముఖ్యమైనవి అవే. నొప్పి మూడు నెలలు దాటి పాతబడిపోయినవాళ్ళది 51తో మొదలై, ఆరు వారాలకు 33, ఆరు నెలలకు 26, ఏడాది తర్వాత కూడా 23 దగ్గర ఆగిపోయింది. కొత్త నొప్పి ఆరు వారాల్లో దిగిన చోటికి పాత నొప్పి ఏడాదికి గానీ చేరలేదు. చికిత్సకు నిజంగా పని ఉన్నది ఈ రెండో వరుసలో. మొదటి వరుసలోవాళ్ళు రెండో వరుసలోకి జారకుండా చూడడం దానికంటే పెద్ద పని.

ప్రపంచం మొత్తం మీద 2020లో నడుము నొప్పితో ఉన్నవాళ్ళు 61.9 కోట్లు. 2050 నాటికి 84.3 కోట్లు అవుతారని అంచనా. మెడ నొప్పివాళ్ళు 20.3 కోట్లు. కీళ్ళు అరిగినవాళ్ళు 59.5 కోట్లు. ఈ కోట్లలో మన మిరపచేలో వంగిన నడుములూ ఉన్నాయి.

సాలు చివర నిలబడ్డప్పుడు

సంక్రాంతి దాటితే పల్నాడులో మిరప కోతలు. తెల్లవారకముందే ఆటోలు నిండిపోతాయి. నడుము ఎత్తయినా లేని మొక్కల మధ్య మోకాళ్ళు మడవకుండా, నడుము దగ్గర వంగి, పొద్దున్నుంచి ఎండ దిగేదాకా కాయ కోయాలి. చేతిలో బరువు పెద్దగా ఉండదు. మరి నడుము ఎందుకు పోతుంది?

1999లో జర్మనీలో విల్కే అనే శాస్త్రవేత్త బృందం ఒక సాహసం చేసింది. 45 ఏళ్ళ ఆరోగ్యవంతుడి నడుము డిస్కులోకి సన్నటి పీడన యంత్రం పంపి, ఒక రోజు పొడుగునా అతను చేసే పనుల్లో లోపల ఎంత ఒత్తిడి పడుతోందో కొలిచింది. వెల్లకిలా పడుకుంటే 0.1 మెగాపాస్కల్. మామూలుగా నిలబడితే 0.5. చేతిలో ఏమీ లేకుండా ముందుకు వంగి నిలబడితే 1.1. అంటే ఖాళీ చేతులతో వంగడమే నిలబడడానికి రెండింతల పైన. వీపు గుండ్రంగా వంచి 20 కిలోలు ఎత్తితే 2.3. బైకు టైరులో గాలి ఒత్తిడి సుమారు 0.2 అనుకుంటే, దానికి పదకొండు రెట్లు. అదే 20 కిలోలను మోకాళ్ళు మడిచి ఎత్తితే 1.7. ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1.

ఇది ఒక్క మనిషి లెక్క, ఆ మాట మరచిపోకూడదు. వంగితే నడుము విరిగిపోతుందని భయపెట్టడానికీ ఈ అంకెలు పనికిరావు. నడుము వంగడానికే ఉంది, అలవాటైన పనికి అది గట్టిపడుతుంది కూడా. గంటలకొద్దీ అదే భంగిమలో ఉంటే మాత్రం వెన్ను వెనక ఉండే నరాల్లాంటి పట్టీలు (డాక్టర్లు లిగమెంట్లంటారు) సాగిపోతాయి. నిటారుగా లేచినా వెంటనే మునుపటి బిగువుకు రావు. సరిగ్గా ఆ క్షణంలోనే కోసిన కాయ గోతాన్ని భుజానికెత్తుతారు. ‘కలుక్కుమంది’ అనే మాట ఎక్కువగా పుట్టేది అక్కడే. సాలు చివర లేచి, నడుము మీద చేతులు పెట్టుకుని ఐదారు సార్లు వెనక్కి వంగి, నాలుగు అడుగులు నడిచి, ఆ తర్వాత గోతం పట్టుకోవడం చిన్న పని. ముఠా మేస్త్రీ ఒక్క మాట చెబితే జరిగే పని.

ఇక బరువులు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే పరిశోధన సంస్థ, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి చేత్తో ఎత్తే బరువు 23 కిలోలు దాటకుండా చూడమంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగ కూలీకి 55 కిలోలు హద్దు అని సిఫారసు చేసింది. మన దగ్గర మిరపకాయ టిక్కీ (బస్తా) 40 నుంచి 45 కిలోలు. యూరియా కట్ట 2018 నుంచి 45. సిమెంటు కట్ట 50. ధాన్యం బస్తా 75. ఒక హమాలీ రోజుకు వంద టిక్కీలు ఎత్తాడనుకుందాం, 45 చొప్పున నాలుగున్నర టన్నులు. ఆ మనిషికి సాయంత్రం ఎంత గొప్ప చెయ్యి పడ్డా, మర్నాడు పొద్దున మళ్ళీ అదే నాలుగున్నర టన్నులు ఎదురుచూస్తుంటాయి. యూరియా కట్టను 50 నుంచి 45కి తగ్గించగలిగినప్పుడు ధాన్యం బస్తాను 75 నుంచి ఎందుకు దించలేమో నాకు అర్థం కాదు. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను.

ఫిల్మును చూసి భయపడకండి

నొప్పి పది రోజులు ఉంటే చాలు, స్కానింగ్. అందులో ‘డిస్కు అరిగింది’, ‘డిస్కు ఉబ్బింది’ అని రాసి ఉంటుంది. ఆ కాగితం చదివిన రోజు నుంచి మనిషి వంగడం మానేస్తాడు.

2015లో వచ్చిన ఒక సమీక్షలో, నడుము నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కానింగ్ ఫలితాలను కలిపి చూశారు. నొప్పే లేని ఇరవయ్యేళ్ళవాళ్ళలో 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనబడింది. ఎనభయ్యేళ్ళవాళ్ళలో 96 శాతానికి. డిస్కు ఉబ్బు ఇరవయ్యేళ్ళవాళ్ళలో 30 శాతం, ఎనభయ్యేళ్ళవాళ్ళలో 84 శాతం. తల నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. నడుము నొప్పితో వచ్చేవాళ్ళలో దాదాపు 90 శాతం మందికి, ఇదీ కారణమని వేలు పెట్టి చూపించగల ఒక్క దెబ్బ ఏదీ దొరకదు. కండరం, కీలు, నరం, అలసట, నిద్రలేమి, దిగులు అన్నీ కలిసిన నొప్పి అది. మిగిలిన 10 శాతం సంగతి వేరు, దాని దగ్గరికి వస్తాను.

చెయ్యి ఏం చేస్తుంది, ఎంత చేస్తుంది

ఆస్టియోపతీకి మూలపురుషుడు ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా వైద్యుడు. 1864లో మెదడు పొరల వాపు వ్యాధి ఆయన ముగ్గురు పిల్లలను తీసుకుపోయింది. ఆనాటి మందులు ఏమీ చేయలేకపోయాయి. ఆ దుఃఖంలోంచి, ఎముకలూ కండరాలూ సరిగా కదిలితే శరీరం తనను తాను బాగుచేసుకుంటుందన్న ఆలోచనకు వచ్చి 1874లో దాన్ని ప్రకటించాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో మొదటి కళాశాల పెట్టాడు. అన్ని రోగాలకూ వెన్నులోనే మూలం వెతికిన ఆయన సిద్ధాంతంలో చాలా భాగం నిలబడలేదు. కండరాల, కీళ్ళ నొప్పులకు చెయ్యి వాడే పద్ధతి మాత్రం నిలబడింది. ఇవాళ అమెరికాలో ఆస్టియోపతీ చదివి డీవో పట్టా పొందినవాళ్ళు పూర్తి స్థాయి డాక్టర్లు, మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. అక్కడ వైద్యం చదివేవాళ్ళలో నాలుగో వంతుకు పైగా ఈ కళాశాలల్లోనే ఉన్నారు. వాళ్ళలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఐరోపాలో చాలాచోట్ల ఆస్టియోపతులు చేతి చికిత్స ఒక్కటే చేస్తారు. మన దేశంలో కటక్ దగ్గర శ్రీశ్రీ విశ్వవిద్యాలయం లాంటి ఒకటి రెండు చోట్ల ఇది చదువుగా ఉంది. నరసరావుపేట మనిషికి ఆ చేతి పని అందేది ఎక్కువగా ఫిజియోథెరపిస్టు దగ్గర. పేరు ఏదైనా, పద్ధతుల్లో సగానికి పైగా ఉమ్మడి సొత్తే.

మంచి చెయ్యి మొదట మాట్లాడుతుంది. ఎప్పుడు మొదలైంది, ఏ పనిలో, రాత్రి నిద్ర లేపుతోందా, జ్వరం ఉందా అని అడుగుతుంది. నడిపించి, వంచి చూస్తుంది. ఆ తర్వాతే వీపు మీద పడుతుంది. బిగిసిన కండరాన్ని నెమ్మదిగా సాగదీయడం ఒక పద్ధతి. కీలును అది వెళ్ళగలిగినంత దూరం నిదానంగా ఊపడం ఇంకొకటి. రోగిని తన చేతికి ఎదురు నెట్టమని, కొన్ని క్షణాలు పట్టి వదిలేయమని, వదిలిన క్షణంలో ఇంకాస్త సాగదీయడం మరొకటి. చివరిది, అందరూ వీడియోల్లో చూసేది, ఒక్కసారిగా చిన్న విసురు ఇచ్చి ‘టక్’మనిపించడం. ఆ చప్పుడు ఎముక చోటికి వచ్చినందుకు కాదు. కీలు లోపలి ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి బుడగ లాంటి ఖాళీ ఏర్పడినందుకు వచ్చేది. వేళ్ళు విరిస్తే వచ్చే చప్పుడూ అదే. ‘నీ వెన్నుపూస పక్కకు జరిగింది, నేను సరిచేశాను’ అని ఎవరైనా అంటే ఆ మాటను నమ్మనక్కర్లేదు.

ఫలితం ఎంత? టెక్సాస్‌లో పాత నడుము నొప్పివాళ్ళు 455 మందిపై చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో, నిజమైన ఆస్టియోపతీ చికిత్స పొందినవాళ్ళలో 63 శాతానికి చెప్పుకోదగ్గ ఉపశమనం కలిగింది. ఉత్తుత్తి స్పర్శ పొందినవాళ్ళలో 46 శాతానికి కలిగింది. అంటే వంద మందిలో 17 మంది అదనం. ఉత్త స్పర్శే 46 మందికి మేలు చేసిందన్నది కూడా చిన్న సంగతి కాదు, ఎదురుకాళ్ళ మనిషి కాలు ఇక్కడ మళ్ళీ గుర్తుకు రావాలి. ఫ్రాన్సులో 400 మందిపై చేసి 2021లో ప్రచురించిన పరీక్ష ఇంకా కఠినం. మూడు నెలలకు, రోజువారీ పనుల ఇబ్బందిని వందకు కొలిచే పట్టికలో నిజమైన చికిత్సకూ ఉత్తుత్తిదానికీ తేడా 3.4 మార్కులు. కాగితం మీద అది తేడాయే, చేలో కాయ కోసే మనిషికి తెలిసేంత తేడా కాదు. 2019లో 47 పరీక్షలు, 9,211 మంది రోగులను కలిపి చూసిన సమీక్ష తేల్చింది ఏమిటంటే, వెన్ను మీద చేసే చేతి చికిత్స వ్యాయామం లాంటి సిఫారసు చేసిన ఇతర చికిత్సలకు దాదాపు సమానం. వాటికంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఇంకో పాత పరీక్ష నాకు వీటన్నిటికంటే మన ఊరికి దగ్గరగా తోస్తుంది. 1999లో అమెరికాలో 155 మందిపై చేశారు. ఆస్టియోపతీ వర్గమూ మామూలు వైద్య వర్గమూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. ఆస్టియోపతీ వర్గం మింగిన మందులు మాత్రం తక్కువ. డైక్లోఫెనాక్ సూది పొడిపించుకుని మర్నాడే పనికి పోయే చోట, నెలల తరబడి నొప్పి బిళ్ళలు మింగి కడుపునూ కిడ్నీలనూ పాడుచేసుకునే చోట, చెయ్యి ఆ బిళ్ళల్లో కొన్నిటిని తప్పించినా లాభమే.

పాత నడుము నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, రోగికి నొప్పి గురించి వివరంగా చెప్పడం, వెన్నుకు చేతి చికిత్స, మర్దన, మానసిక సాయం పనికొచ్చేవాటిలో ఉన్నాయి. నడుం బెల్టు, బరువులు కట్టి వెన్నును లాగే ట్రాక్షన్, నల్లమందు జాతి మందులు వద్దన్నవాటిలో ఉన్నాయి. మెడికల్ షాపుల్లో వరసగా వేలాడే బెల్టులను ఒకసారి తలుచుకోండి.

కొండ మెట్లు, గట్టిపడ్డ భుజం

శివరాత్రికి కోటప్పకొండ ఎక్కనివాళ్ళు నరసరావుపేటలో తక్కువ. ఘాట్ రోడ్డు ఉన్నా మెట్ల మీదుగా ఎక్కితేనే తృప్తి అనేవాళ్ళున్నారు. మోకాలి లోపల కొలిచే యంత్రం అమర్చి 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, చదునుగా నడిస్తే మోకాలి మీద శరీర బరువుకు 2.6 రెట్లు పడుతుంది. మెట్లు ఎక్కితే 3.2 రెట్లు, దిగితే 3.5 రెట్లు. డెబ్భై కిలోల మనిషి మెట్లు దిగేటప్పుడు ఒక్కో అడుగుకు 245 కిలోలు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గనక ఆగుతాం, దిగేటప్పుడు ఆయాసం ఉండదు గనక ఆగం. మోకాలు పట్టేది అందుకే. మెట్లెక్కి వాహనంలో దిగండి, దేవుడేమీ అనుకోడు. ఒక కిలో తగ్గితే మోకాలి మీద ప్రతి అడుగుకూ నాలుగు కిలోలు తగ్గుతాయని 2005 నాటి మరో లెక్క. అరిగిన మోకాలిని చెయ్యి బాగుచేయదు. తొడ ముందు కండరం బలపడితే నొప్పి తగ్గుతుంది, చెయ్యి ఆ వ్యాయామం మొదలుపెట్టేంత సులువు ఇస్తుంది.

భుజం గట్టిపడి జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి చెయ్యి వెనక్కి పోకపోతే, చక్కెర పరీక్ష చేయించుకోండి. మధుమేహం ఉన్నవాళ్ళలో సుమారు 13 శాతం మందికి ఈ భుజం పట్టేస్తుంది, లేనివాళ్ళకంటే ఐదింతలు ఎక్కువ. ఏడాది నుంచి మూడేళ్ళలో నెమ్మదిగా వదులుతుంది. కసిగా విరిచి వదిలించాలని చూస్తే ఇంకా బిగుస్తుంది.

చెయ్యి ఆగాల్సిన చోటు

ఇందాక వదిలిన 10 శాతం ఇది. ఇక్కడ తొందరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది.

సాయంత్రానికి జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వెన్ను మధ్యలో ఒకే చోట నొప్పి ఉంటే అది వెన్నుపూసల క్షయ కావచ్చు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. మెత్తబడిన పూస మీద విసురు పడితే కాళ్ళు చచ్చుబడతాయి. క్షయ పరీక్షా మందులూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. నడుము నొప్పితో పాటు మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఒక్క రోజు కూడా ఆగకూడదు, గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన పరిస్థితి అది. కింద పడ్డాక ఎముక విరిగిందని అనుమానం ఉంటే ముందు ఎక్స్‌రే. పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్నవాళ్ళు కూడా ఎక్స్‌రే తర్వాతే ఏ నిర్ణయమైనా తీసుకోవాలి.

సెలూన్లో తల మర్దన అయ్యాక మెడ అటూ ఇటూ విరవడం మనకు చనువైన సుఖం. మెదడుకు రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు మెడపూసల రంధ్రాల్లోంచి పోతాయి. విసురుకు వాటి గోడ చిరిగితే పక్షవాతం. అరుదుగానే జరుగుతుంది, కానీ జరుగుతుంది. 2022లో హైదరాబాదులో ఒక యాభై ఏళ్ళ స్త్రీకి, బ్యూటీ పార్లర్లో తల వెనక్కి వంచి జుట్టు కడుగుతుండగానే పక్షవాతం లక్షణాలు మొదలయ్యాయి. మెడను విరవనివ్వకండి, ఎంత నమ్మకస్తుడి చేతికైనా.

పల్నాడుకు ప్రత్యేకమైన హెచ్చరిక ఇంకొకటి ఉంది. మన దేశంలో ఎముకలను కట్టేసే ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో వైద్య పత్రికలో రాసింది మనకు పక్కనే ఉన్న పొదిలి, దర్శి ప్రాంతాల మనుషులను చూసే. వినుకొండ, బొల్లాపల్లి వైపు బోరు నీళ్ళలో అదే ఫ్లోరైడ్ సమస్య. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు హద్దు. ఏళ్ళ తరబడి అంతకు మించి తాగితే ఎముక దట్టమవుతుంది, పెళుసవుతుంది, వెన్ను పట్టీల్లో సున్నం పేరుకుంటుంది. ఆ మనిషి కూడా ‘నడుము పట్టేసింది’ అనే అంటాడు. ఇంట్లోనే మూడు పరీక్షలు చేసుకోవచ్చు: మోకాళ్ళు మడవకుండా వంగి కాలి వేళ్ళు తాకగలరా, గడ్డం ఛాతీకి ఆనుతుందా, చేతులు పక్కలకు చాచి మడిచి తల వెనక తాకగలరా. మూడూ కష్టమై, పళ్ళ మీద గార మచ్చలు కూడా ఉండి, చిన్నప్పటి నుంచి ఆ బోరు నీళ్ళే తాగి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, నీళ్ళు పరీక్ష చేయించాలి. అలాంటి వెన్నును సాగదీయబోతే విరిగే ప్రమాదం ఉంది. నీళ్ళు మార్చడమే అక్కడ మొదటి వైద్యం.

కాబట్టి ఎవరి చేతికి ఒళ్ళు అప్పగిస్తున్నారో అడగండి. కొత్తగా ఆస్టియోపతీ నేర్చుకునేవాళ్ళకు 4,200 గంటల చదువు, అందులో కనీసం 1,000 గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగులను చూడడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో హద్దు పెట్టింది. మన ఫిజియోథెరపిస్టులు బీపీటీ చదివి వస్తారు, 2021 చట్టం వాళ్ళను గుర్తింపు ఉన్న వృత్తుల్లో చేర్చింది. ‘ఎక్కడ చదివారు, ఎన్నేళ్ళు?’ అని అడిగితే మంచి చెయ్యి నొచ్చుకోదు. నాలుగైదు సార్లు వెళ్ళినా తేడా లేకపోతే, వ్యాయామం ఏదీ నేర్పకుండా మళ్ళీ మళ్ళీ రమ్మంటుంటే, వెళ్ళడం మానేయండి.

తగ్గిన నడుము మళ్ళీ పట్టకుండా ఉండడమే అసలు చిక్కు. ఒకసారి కోలుకున్నవాళ్ళలో 69 శాతం మందికి ఏడాది తిరగకముందే మళ్ళీ వస్తుందని 2019 నాటి ఒక అధ్యయనం చెప్పింది. దీనికి ఇప్పటిదాకా నేను చూసిన మంచి జవాబు 2024లో వచ్చింది. ఆస్ట్రేలియాలో నడుము నొప్పి నుంచి తేరుకున్న 701 మందిలో సగం మందికి ఫిజియోథెరపిస్టుతో నడక నేర్పించారు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఆరు నెలల్లో వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట. మిగతావాళ్ళకు ఏమీ చెప్పలేదు. నడవనివాళ్ళలో సగం మందికి నొప్పి 112 రోజుల్లోపే తిరిగొచ్చింది. నడిచినవాళ్ళకు ఆ సగం చేరడానికి 208 రోజులు పట్టింది.

ఈ అంకెలను మిరప పంటకు వేసి చూశాను. జనవరి 15న, కోతలు మొదలయ్యే వేళకు నడుము కుదుటపడిన మనిషికి 112 రోజులంటే మే 7. ఆఖరి కాయ ఇంకా కల్లంలో ఎండుతూ ఉంటుంది, టిక్కీలు ఎత్తడం మిగిలే ఉంటుంది. 208 రోజులంటే ఆగస్టు 11. అప్పటికి కోతలు అయిపోయి, టిక్కీలు గుంటూరు చేరి, కొత్త మిరప నారు మడిలో తల ఎత్తుతూ ఉంటుంది.